జపాను పనిచోట్ల విదేశీ కార్మికులు – భాషా భారం ఎవరిది?

1922వ సంవత్సరంలో హైదరాబాదు సంస్థానపు విద్యాశాఖాధిపతి సయ్యద్ రాస్ మసూద్ జపాను దేశానికి ప్రయాణమై వెళ్లారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం ప్రారంభమై అప్పటికి నాలుగేండ్లే అయింది. ఉన్నత విద్యను ఆంగ్లంలో గాక ఉర్దూలో బోధించడం సాధ్యమేనా అన్న సంశయం పలువురిని వేధిస్తున్న కాలమది. ఆసియాలోని ఒక దేశం పాశ్చాత్య శాస్త్రాలన్నింటినీ తన సొంత భాషలోకి తెచ్చుకొని, ఆ భాషలోనే బిడ్డలకు చదువు చెప్పి, అర్ధ శతాబ్దంలో అగ్రరాజ్యాల సరసన నిలిచింది. అది ఎట్లా సాధ్యమైందో కన్నులారా చూచి రావడానికే ఆయన వెళ్లారు. తిరిగి వచ్చి జపాను విద్యావిధానాన్ని గురించి ఒక గ్రంథం ప్రకటించారు.

ఆ ప్రయాణం జరిగి వంద ఏండ్లు దాటింది. నేడు మన ప్రాంతం నుండి జపాను వైపు చూస్తున్నవారి ప్రయోజనం వేరు. వారు అక్కడి ఆసుపత్రులలో, వృద్ధాశ్రమాలలో, కర్మాగారాలలో పనిచేయడానికి వెళ్లగోరుతున్నారు. మన కళాశాలలోనే కొందరు విద్యార్థులు, "అయ్యా, ఆరు నెలలలో జపాను భాష నేర్పి ఉద్యోగం ఇప్పిస్తామంటున్నారు. నమ్మవచ్చునా?" అని అడుగుతున్నారు. ఔననడమో కాదనడమో తేలికే. కాని ఏది చెప్పినా కారణంతో చెప్పాలి. విదేశీ కార్మికులను జపాను ఏ విధంగా ఎంపిక చేసుకొంటున్నది, ఏ శిక్షణ ఇస్తున్నది, వచ్చిన తర్వాత ఏ విధంగా ఆదరిస్తున్నది అన్న విషయాలను వరుసగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ మూడింటికీ నడుమ ఒక ప్రశ్న నిలిచి ఉన్నది: పరభాషలో పనిచేయడమనే భారాన్ని ఎవరు మోయాలి?

సొంత భాష బలమూ, ఆ బలం వెంట వచ్చిన చిక్కూ

జపాను విదేశీ నిపుణులను పిలిపించుకోవడం కొత్త సంగతి కాదు. 1868లో మెయిజీ పాలన ఆరంభమైన పిదప ప్రభుత్వం ఇంజనీర్లను, వైద్యులను, ఆచార్యులను పాశ్చాత్య దేశాల నుండి పెద్ద జీతాలిచ్చి రప్పించింది. స్కాట్లాండుకు చెందిన హెన్రీ డయ్యర్ 1873లో టోక్యో చేరి ఇంజనీరింగు కళాశాలను నడిపించారు. ఆనాడు అక్కడి పాఠాలు ఆంగ్లంలోనే సాగేవి. అయితే ఆ పాఠాలు విన్న జపాను విద్యార్థులే తర్వాత ఆచార్యులై, పారిభాషిక పదాలు కల్పించుకొని, అవే శాస్త్రాలను జపాను భాషలో బోధించారు. విదేశీ గురువులు ఒక్కొక్కరుగా స్వదేశాలకు మరలిపోయారు.

ఆనాటి పరిస్థితిలో విశేషమేమంటే, వచ్చిన అతిథి భాషను ఆతిథేయులు నేర్చుకొన్నారు. నేటి పరిస్థితి దానికి తలక్రిందులు. ఇప్పుడు వచ్చినవాడే ఆతిథేయుల భాషను నేర్చుకోవాలి. యంత్రం మీది హెచ్చరిక, మందుచీటీ, రోగి దినచర్య పుస్తకం, పైఅధికారి మందలింపు, తోటి కార్మికుల హాస్యం – అన్నీ జపాను భాషలోనే ఉంటాయి. ఆంగ్లం తెలిసినవాడు ఎక్కడైనా బ్రతుకగలడని మనవారికొక నమ్మకం. జపాను పనిచోటులో ఆ నమ్మకం ఎక్కువ కాలం నిలువదు. రాస్ మసూద్ మెచ్చుకొన్న గుణమే నేడు కొత్తగా వెళ్లేవారికి మొదటి గోడ అవుతున్నది.

అవసరం, చట్టాలు

జపాను జనాభా 2008 ప్రాంతంలో సుమారు 12 కోట్ల 80 లక్షలకు చేరి, అప్పటి నుండి తగ్గుముఖం పట్టింది. 65 ఏండ్లు దాటినవారు నూటికి దాదాపు 29 మంది ఉన్నారు. వృద్ధులను కనిపెట్టుకొని ఉండేవారు, ఇండ్లు కట్టేవారు, పొలం పని చేసేవారు చాలకుండా పోయారు. 2008 అక్టోబరులో ఆ దేశంలో పనిచేస్తున్న విదేశీయులు 4 లక్షల 86 వేల మంది కాగా, 2024 అక్టోబరు నాటికి ఆ సంఖ్య 23 లక్షలు మించింది. వారిలో అందరికంటె అధికులు వియత్నాం దేశీయులు.

ఈ పెరుగుదల ఒక్క పద్ధతిలో జరగలేదు. 1990లో సవరించిన చట్టం అమలులోకి వచ్చి, బ్రెజిల్, పెరూ దేశాలకు పూర్వం వలసపోయిన జపానీయుల సంతతికి తలుపులు తెరిచింది. 1993లో "సాంకేతిక శిక్షణార్థి" పథకం మొదలైంది. వర్ధమాన దేశాల యువకులకు పని నేర్పి పంపడం దాని ప్రకటిత లక్ష్యం. ఆచరణలో అది తక్కువ వేతనానికి శ్రామికులను సమకూర్చే మార్గంగా మారిందన్న విమర్శ దేశంలోను, విదేశాలలోను వినవచ్చింది. పైగా శిక్షణార్థికి యజమానిని మార్చుకొనే హక్కు సాధారణంగా ఉండేది కాదు.

2018 డిసెంబరులో చట్టం మళ్లీ సవరించి, 2019 ఏప్రిల్ నుండి "తొకుతే గినో", అనగా "నిర్దిష్ట నైపుణ్యం" అనే కొత్త వీసాను ప్రవేశపెట్టారు. శిక్షణ అనే ముసుగు లేకుండా, కార్మికులు కావాలని ఆ దేశం బాహాటంగా ఒప్పుకొన్న సందర్భమది. మొదట 14 రంగాలకు పరిమితమైన ఈ వీసాను 2024లో 16 రంగాలకు విస్తరించి, ఆ సంవత్సరం మొదలు ఐదేండ్లలో 8 లక్షల 20 వేల మంది వరకు తీసుకొనవచ్చునని మంత్రివర్గం నిర్ణయించింది. ఇందులో రెండు మెట్లు ఉన్నాయి. మొదటి మెట్టులో మొత్తం ఐదేండ్లు ఉండవచ్చును గాని కుటుంబాన్ని తీసుకొని పోరాదు. రెండవ మెట్టు ఎక్కినవారు వీసాను పొడిగించుకొంటూ భార్యాబిడ్డలతో నివసించవచ్చును.

2024 జూన్‌లో పాత శిక్షణార్థి పథకాన్ని రద్దు చేసే చట్టం ఆమోదం పొందింది. దాని స్థానంలో రాబోయే కొత్త విధానానికి 2027 ఏప్రిల్‌ను అమలు తేదీగా నిర్ణయించారు. నిర్ణీత కాలం పనిచేసి, నైపుణ్య పరీక్షలోను భాషా పరీక్షలోను నెగ్గినవారు అదే రంగంలో మరొక యజమాని వద్దకు మారడానికి అందులో వీలు కల్పించారు. ముప్పై ఏండ్ల అనుభవం నేర్పిన పాఠమిది. వదలి వెళ్లే దారి లేనిచోట ఆదరణ కొరవడుతుంది.

ఎంపిక: అప్పుతో మొదలయ్యే ప్రయాణం

కార్మికుడి కష్టసుఖాలు జపానులో విమానం దిగిననాడు గాక, స్వగ్రామంలో ఏజెంటు ఎదుట కూర్చున్ననాడే చాలావరకు నిర్ణయమవుతాయి. ఈ మాట మన ప్రాంతంవారికి వేరే చెప్పనక్కరలేదు. హైదరాబాదు పాతబస్తీలోను, కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల పల్లెలలోను గల్ఫ్ దేశాలకు మనిషిని పంపని వాడ అరుదు. వడ్డీకి తెచ్చిన సొమ్ము ఏజెంటు చేతిలో పోసి, చెప్పిన పని ఒకటైతే దొరికిన పని మరొకటై కుమిలినవారి కథలు మన ఇండ్లలోనే ఉన్నాయి.

జపాను దారిలో కూడా ఇదే ప్రమాదం పొంచి ఉన్నది. 2022లో జపాను ప్రభుత్వం జరిపిన విచారణలో, శిక్షణార్థులలో సగానికి పైగా అప్పు చేసి వచ్చినవారేనని తేలింది. అప్పు ఉన్నవాడు పై అధికారి తిట్టినా నోరు మెదపడు. గాయమైనా చెప్పడు. సహించరానంతగా బాధ పెరిగిననాడు పారిపోతాడు. 2023లో తమ పనిచోటు వదలి కనబడకుండా పోయిన శిక్షణార్థులు 9,700 మందికి పైబడి ఉన్నారు. వారిని కృతఘ్నులని నిందించడం సులభం. కాని యజమానిని మార్చుకొనే హక్కు లేక, తీర్చవలసిన అప్పు ఉండి, గోడు చెప్పుకొనేందుకు భాష చాలని మనిషికి మిగిలే దారి ఎంతటిదో ఆలోచించాలి.

ఉద్యోగం ఇప్పించినందుకు కార్మికుడి వద్ద రుసుము తీసుకోరాదన్నది అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లో చేసిన 181వ ఒడంబడికలోని సూత్రం. ఖర్చును యజమాని భరించాలన్నది దాని సారాంశం. జపాను ఆ ఒడంబడికను 1999లో అంగీకరించింది. నిర్దిష్ట నైపుణ్య వీసా నియమాలు కూడా కార్మికుడి నుండి ధరావతు తీసుకోవడాన్ని, ముందుగా మానివేస్తే జరిమానా కట్టాలన్న షరతును నిషేధించాయి. అదే పని చేసే జపానీయుడికి తక్కువ కాని జీతం ఇవ్వాలని కూడా విధించాయి.

మన దేశంలో 1983 నాటి వలస చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంటు ప్రభుత్వం వద్ద నమోదై ఉండాలి. అతడు తీసుకోగల రుసుముకు నియమాలు 30,000 రూపాయల పరిమితి విధించాయి. దానిపై పన్ను వేరు. రసీదు ఇవ్వడం అతని విధి. జపాను విషయంలో రెండు ప్రభుత్వాల నడుమ ఒప్పందాలు కూడా ఉన్నాయి. శిక్షణార్థుల గురించి 2017 అక్టోబరులో, నిర్దిష్ట నైపుణ్య కార్మికుల గురించి 2021 జనవరిలో ఇవి కుదిరాయి. 2025 ఆగస్టులో ఇరు దేశాల ప్రధానులు టోక్యోలో సమావేశమైనప్పుడు, ఐదేండ్లలో భారతదేశం నుండి 50,000 మంది నిపుణులు జపానుకు వెళ్లేట్లు చూడాలని లక్ష్యం ప్రకటించారు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జపాను భాషలో శిక్షణ ఇప్పించి పంపే కార్యక్రమం చేపట్టింది. కాబట్టి సక్రమమైన మార్గాలు ఉన్నాయి. వాటిని విచారించకుండా వీధి చివరి బోర్డును నమ్ముకోవడం అవివేకం.

శిక్షణ: రెండు దేశాలు, రెండు ఫలితాలు

భాషా శిక్షణ ఎప్పుడు, ఎంత ఇవ్వాలన్న విషయంలో జపాను తనకు తెలియకుండానే ఒక గొప్ప ప్రయోగం చేసింది.

2008లో ఇండోనేషియాతో కుదిరిన ఆర్థిక ఒప్పందం కింద ఆ ఏడు ఆగస్టులో 208 మంది తొలి బృందంగా జపాను చేరారు. వారిలో సగం మంది నర్సులు, సగం మంది వృద్ధుల సంరక్షకులు. మరుసటి ఏడు ఫిలిప్పీన్సు వారు వచ్చారు. వచ్చిన నర్సులు స్వదేశంలో పట్టా పొంది, రెండేండ్లకు తక్కువ కాకుండా ఆసుపత్రిలో పనిచేసినవారే. అయినా జపాను జాతీయ నర్సింగు పరీక్షను మూడేండ్ల లోపల జపాను భాషలో రాసి నెగ్గకుంటే తిరిగి పోవాలన్నది నియమం. 2009లో ఈ ఒప్పందం కింద వచ్చినవారు 82 మంది పరీక్ష రాయగా ఒక్కరూ నెగ్గలేదు. 2010లో 254 మంది రాస్తే ముగ్గురు నెగ్గారు. అదే పరీక్షలో మొత్తం అభ్యర్థులు నూటికి 90 మంది దాకా ఉత్తీర్ణులయ్యారు.

వీరికి వైద్యం తెలియదా? తెలుసు. తెలియనిది వైద్యపు జపాను భాష. మంచం పట్టిన రోగి వీపున ఏర్పడే పుండును ఉదాహరణగా చూడండి. సామాన్యులు దానిని "తోకొజురె" అంటారు. వైద్యగ్రంథంలో అదే "జొకుసో". దానిని రాసే అక్షరాలు చదువుకొన్న జపానీయులనే తికమక పెట్టేంత కఠినమైనవి. పడకపుండును కడిగి, మందు వేసి, రోగిని ఒత్తిగిల్లజేసి మాన్పడం ఎరిగిన నర్సు, ఆ మాటను కాగితంపై గుర్తుపట్టలేక పరీక్ష తప్పింది. చేతిలో విద్య ఉన్నది. దానిని నిరూపించేందుకు నోరు లేదు.

విమర్శ పెరిగిన మీదట ప్రభుత్వం మెల్లగా సడలింపులు చేసింది. 2013 పరీక్షల నాటికి ఈ అభ్యర్థులకు చైనా లిపి మాటలన్నింటి మీద ఉచ్చారణను చిన్న అక్షరాలతో ముద్రించి, అదనపు సమయం కూడా ఇచ్చింది. కష్టపడి నెగ్గినవారి సంఖ్య పెరిగింది.

2014లో వియత్నాం వారి తొలి బృందం వచ్చింది. ఈసారి పద్ధతి మారింది. స్వదేశంలోనే పన్నెండు నెలలు భాష నేర్పి, జపాను భాషా సామర్థ్య పరీక్షలో మూడవ స్థాయి నెగ్గినవారినే విమానం ఎక్కించారు. ఆ బృందంలోని సంరక్షకులు 2018లో జాతీయ పరీక్ష రాసినప్పుడు నూటికి 93 మంది ఉత్తీర్ణులయ్యారు. ఆ ఏడు దేశం మొత్తం మీద నెగ్గినవారు నూటికి 71 మంది మాత్రమే. ఈ ఫలితానికి ఇతర కారణాలు కూడా కొన్ని ఉండవచ్చును. అయినా వెళ్లకముందు భాషకు వెచ్చించిన ఒక్క సంవత్సరం, వెళ్లిన తర్వాతి ఏండ్లను వ్యర్థం కాకుండా కాపాడగలదని ఇది చాటుతున్నది.

ఆ భాషా సామర్థ్య పరీక్షను గురించి ఒక మాట. 1984లో ఆరంభమై, 2010 నుండి ఐదు స్థాయిలలో జరుగుతున్నది. ఐదవది అన్నింటికంటె సులువు, మొదటిది కఠినం. నిర్దిష్ట నైపుణ్య వీసాకు చాలా రంగాలలో నాల్గవ స్థాయి గాని, దానికి సమానమైన మరొక పరీక్ష గాని చాలు. అయితే ఈ సామర్థ్య పరీక్షలో పదజాలం, వ్యాకరణం, చదవడం, వినడం ఉన్నాయి గాని మాట్లాడడం లేదు. అందువల్ల పట్టా చేతబట్టుకొని వెళ్లినవాడు మొదటినాడే మూగవాడు కావచ్చును. "ఆరు నెలలలో పట్టా" అని చెప్పేవారిని అడగవలసిన ప్రశ్న ఇదే: మాట్లాడడం ఎవరు నేర్పుతారు?

తెలుగు, ఉర్దూ తెలిసినవారికి ఉన్న వెసులుబాటు

ఇంతవరకు చదివి విద్యార్థి మిత్రులు అధైర్యపడనక్కరలేదు. మన రెండు భాషలూ జపాను భాషకు వాక్య నిర్మాణంలో దగ్గరి పోలిక కలవి. "వతాషి వా హోన్ ఒ యోమిమాస్" అన్న వాక్యంలో "వతాషి" నేను, "హోన్" పుస్తకం, "యోమిమాస్" చదువుతాను. "నేను పుస్తకం చదువుతాను", "మైఁ కితాబ్ పఢ్‌తా హూఁ" – మూడింటిలోను కర్త ముందు, కర్మ నడుమ, క్రియ చివర. విభక్తి ప్రత్యయం కూడా మాట వెనుకనే వస్తుంది. "హైదరాబాదు నుండి", "హైదరాబాద్ సే", "హైదరాబాద్ కరా" అన్న మూడింటిని పక్క పక్కన పెట్టి చూడండి. ఆంగ్లేయుడు తలక్రిందులు చేసుకోవలసిన వాక్యాన్ని మనం ఉన్నది ఉన్నట్లు పేర్చుకొంటూ పోవచ్చును.

మర్యాద విషయమూ అంతే. "నువ్వు", "మీరు"ల భేదం, "తుమ్", "ఆప్"ల భేదం తెలిసినవారికి, ఎదుటివారి స్థాయిని బట్టి క్రియ మారే జపాను పద్ధతి వింతగా తోచదు. మరొక పోలిక కూడా ఉన్నది. వృద్ధాశ్రమంలో ఒక అవ్వ తన నొప్పిని "జుకిజుకి" అంటుంది, "చికుచికు" అంటుంది, "హిరిహిరి" అంటుంది. మొదటిది సలుపు. రెండవది సూదులతో పొడిచినట్లు చురుక్కుమనడం. మూడవది చురచుర మండడం. ధ్వనితోనే బాధను చెప్పే ఇటువంటి మాటలు తెలుగులో కోకొల్లలు. నొప్పికి ఇన్ని రకాల పేర్లు ఉంటాయని మనవారికి వేరే బోధించనక్కరలేదు. ఆ పేర్లు నేర్పితే చాలును.

కష్టమంతా లిపిలో ఉన్నది. 46 మూలాక్షరాల చొప్పున రెండు అక్షరమాలలు, వాటిపైన చైనా నుండి వచ్చిన గుర్తులు. సామాన్య వ్యవహారానికి నిర్ణయించిన గుర్తులే 2,136. వీటికి అడ్డదారి లేదు. దినదిన అభ్యాసమే మార్గం.

పనిచోటు భాష వేరు

పుస్తకంలోని జపాను భాష ఒకటి, పనిచోటులో వినిపించేది మరొకటి. జపాను సంస్థలలో "హోకొకు, రెన్‌రాకు, సోదాన్" అనే మూడు విధులు ప్రతి కొత్త ఉద్యోగికి నూరిపోస్తారు. జరిగినది నివేదించడం, సమాచారం అందించడం, సందేహం వచ్చినప్పుడు సంప్రదించడం అని వాటి అర్థం. మూడింటి తొలి శబ్దాలు కలిపి "హోరెన్‌సో" అంటారు. ఆ మాటకు పాలకూర అని కూడా అర్థం ఉండడంతో ఎవరూ మరచిపోరు. చిన్న పొరపాటు జరిగితే దానిని సర్దుకొని ఊరకుండడం మన అలవాటు కావచ్చును. అక్కడ వెంటనే చెప్పకపోవడమే అసలు తప్పు.

"హై" అన్న మాట మరొక ఉదాహరణ. "ఔను" అని దానికి అర్థం చెప్పుకొంటాము. కాని చాలాసార్లు అది "వింటున్నాను" అన్నంత మాత్రమే. కొత్త కార్మికుడు పెద్దలమీది గౌరవంతో, భయంతో, ప్రతిదానికీ "హై" అంటాడు. అర్థమైందని పైవాడు అనుకొంటాడు. మందు మోతాదు విషయంలోనో, తిరుగుతున్న యంత్రం విషయంలోనో ఈ అపోహ ప్రాణాంతకం కాగలదు. అందుకే మంచి పనిచోట్లలో చెప్పిన సూచనను విన్నవాడు తన నోట తిరిగి అప్పజెప్పే ఆచారం ఉన్నది. దానిని "ఫుకుషో" అంటారు. తిరిగి చెప్పించుకొన్నప్పుడు తప్పు బయటపడుతుంది. దిద్దడానికి వ్యవధి ఉంటుంది.

ఈ కారణంచేత వెళ్లేవారికి నేర్పవలసిన తొలి వాక్యం నా దృష్టిలో నమస్కార వాక్యం కాదు. "మో ఇచిదో ఒనెగై షిమాస్" – "దయచేసి మరొక్కసారి చెప్పండి" అన్నది. ఈ వాక్యం పలకడానికి ధైర్యం కావాలి. వినడానికి ఓర్పు కావాలి. ధైర్యం వెళ్లినవాడిది, ఓర్పు పిలిచినవాడిది.

ఆదరణ: ఆతిథేయుల పాఠం

2019 చట్టంలో మెచ్చదగిన అంశం ఆదరణను యజమాని దయకు వదలకుండా విధిగా చేయడం. మొదటి మెట్టు కార్మికుడిని తీసుకొనే యజమాని పది విధాల సహాయం చేయాలి. బయలుదేరకముందే పని పరిస్థితులను వివరించాలి. విమానాశ్రయంలో ఎదురుకోలు పలకాలి, తిరిగి వెళ్లేనాడు సాగనంపాలి. ఇల్లు కుదర్చాలి. బ్యాంకు ఖాతా, టెలిఫోను వంటివి సమకూర్చుకోవడంలో సాయపడాలి. ఆ దేశంలో బ్రతికే పద్ధతులు తెలియజెప్పాలి. ప్రభుత్వ కార్యాలయాలకు తోడు వెళ్లాలి. భాష నేర్చుకొనే అవకాశం చూపాలి. ఫిర్యాదు వినాలి. ఇరుగుపొరుగుతో కలిసే సందర్భాలు కల్పించాలి. తన కారణంగా పని పోతే మరొక పని వెదకడంలో తోడ్పడాలి. మూడు నెలలకొకసారి కార్మికుడితోను, అతని పై అధికారితోను మాట్లాడి స్థితిగతులు కనుక్కోవాలి. విషయాలు వివరించడం, ఫిర్యాదు వినడం కార్మికుడికి అర్థమయ్యే భాషలో జరగాలి. యజమానికి వీలు కాకుంటే నమోదైన సహాయక సంస్థకు ఈ పని అప్పగించవచ్చును.

కాగితంపై ఇది చక్కగానే ఉన్నది. ఆచరణ మనుషులను బట్టి ఉంటుంది. ఇండోనేషియా నుండి వచ్చిన సంరక్షకులలో ముస్లిములు అధికం. వారికి తినదగిన ఆహారం, నమాజుకు ఒక మూల, రంజాను మాసంలో పనివేళల సర్దుబాటు, తలగుడ్డ విషయంలో స్పష్టత – ఇవి చట్టంలోని పది అంశాలలో పేరుపేరున లేవు. ముందుగా అడిగి తెలుసుకొన్న యజమాని వద్ద ఇవి సమస్యలే కావు. అడగనివాని వద్ద చిన్న విషయం పెద్ద మనస్తాపమవుతుంది.

భాష విషయంలో ఆతిథేయులు నేర్చుకొన్న పాఠం మరింత విలువైనది. 1995 జనవరి 17న కోబే ప్రాంతంలో మహా భూకంపం సంభవించింది. ప్రకటనలలోని కఠిన పదాలు అర్థంకాక అక్కడి విదేశీయులు అదనపు బాధలు పడ్డారు. హిరొసాకి విశ్వవిద్యాలయంలోని భాషావేత్తలు దీనిని గమనించి, సులభమైన మాటలతో, పొట్టి వాక్యాలతో కూడిన "యసషీ నిహోంగొ", అనగా "తేలిక జపాను భాష"ను రూపొందించారు. "హినాన్" అన్న పదానికి బదులు "నిగెరు", అనగా పారిపోవడం అనాలి. ద్వారం వద్ద "దొసొకు గెంకిన్" అని రాస్తే కొత్తవాడికి బోధపడదు. "కుత్సు ఒ నుయిదె కుదసాయ్", "చెప్పులు విప్పండి" అని రాస్తే బిడ్డకైనా తెలుస్తుంది. 2020లో ప్రభుత్వమే ఈ పద్ధతికి మార్గదర్శక సూత్రాలు ప్రకటించింది. 2019లో వచ్చిన మరొక చట్టం, విదేశీ ఉద్యోగులకు భాష నేర్చుకొనే అవకాశం కల్పించేందుకు యజమానులు కృషి చేయాలని చెప్పింది. 2024 ఏప్రిల్ నుండి భాషా బోధకులకు ప్రభుత్వ గుర్తింపు విధానం కూడా అమలులోకి వచ్చింది.

సొంత భాషను ఇంత గట్టిగా నిలుపుకొన్న జాతి, ఆ భాషనే కొత్తవారి కోసం కొంత వంచడానికి సిద్ధపడుతున్నది. ఇది చిన్న మార్పు కాదు.

ముగింపు

మొదట వేసుకొన్న ప్రశ్నకు సమాధానం ఇప్పుడు తేలికవుతున్నది. భారమంతా కార్మికుడిపై మోపినప్పుడు 2009లో 82 మంది నర్సుల గతి ఏమైందో చూచాము. అట్లని భారమంతా యజమాని మోయాలనడమూ న్యాయం కాదు. వెళ్లేవాడు ఒక సంవత్సరమైనా నిజమైన సాధన చేయాలి. పంపేవాడు అతనిని అప్పులో ముంచరాదు. పిలిచేవాడు తేలికగా, స్పష్టంగా మాట్లాడడం నేర్చుకోవాలి. ఈ ముగ్గురిలో ఏ ఒక్కరు భుజం తప్పించినా బరువు మిగిలినవారిమీద పడుతుంది. అందరికంటె బలహీనుడు కార్మికుడు గనుక చివరకు అతడే కూలబడతాడు.

కాబట్టి సంతకం పెట్టకముందు మన విద్యార్థులు ఈ ప్రశ్నలు అడగాలి. ఏజెంటు ప్రభుత్వం వద్ద నమోదైనాడా? ఇచ్చిన ప్రతి రూపాయికి రసీదు ఉన్నదా? ఒప్పందం నాకు చదవవచ్చిన భాషలో ఉన్నదా? జీతంలో పన్ను, బీమా, ఇంటి అద్దె పోగా చేతికి ఎంత వస్తుంది? మాట్లాడడం నేర్పుతున్నారా, పట్టాకు మాత్రమే తయారుచేస్తున్నారా? కష్టం వస్తే నా భాషలో వినేవారు ఎవరు? యజమానిని మార్చుకొనే హక్కు నాకు ఎప్పుడు వస్తుంది? సమాధానం దొరకని ప్రశ్న ఒక్కటి ఉన్నా కొంతకాలం ఆగడమే మేలు.

మన కళాశాల వరండాలో నిలబడితే ఒక చెవిన ఉర్దూ, ఒక చెవిన తెలుగు వినిపిస్తుంది. ఒకరి మాట మరొకరికి అందనప్పుడు మనం నొచ్చుకోము. మరొకసారి చెప్పించుకొంటాము. అవసరమైతే మాట మార్చి చెబుతాము. ఇది మనకు పాఠ్యపుస్తకం నేర్పిన విద్య కాదు, కలిసి బ్రతకడం వల్ల అబ్బినది. జపాను వెళ్లేవారు ఈ విద్యను వెంట తీసుకొని పోవాలి. "మరొక్కసారి చెప్పండి" అని అడగడానికి వెనుదీయరాదు. ఆ మాట విని విసుగుకొనని పనిచోటు దొరికితే, భాష ఎంత కఠినమైనదైనా అక్కడ నిలువవచ్చును.